మత్తుకు కారణాలు ఎక్కడ వెతకాలి?



మా ఫిజిక్సు మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు నిర్వాహకులు. నేను మానసిక వైద్యుణ్ణి. ఈ కాలేజీలో చదువుకుని, మాస్టారి దగ్గర ఫిజిక్సు నేర్చుకుని, తర్వాత వైద్యం వైపు వెళ్లాను. నా ఓపీకి వచ్చేవాళ్లలో పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల లోపు పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. తల్లో తండ్రో మేనమామో రెక్క పట్టుకుని తీసుకొస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లవాడు వింటుండగానే, "చెడు సావాసాల్లో పడ్డాడండీ" అంటారు. కారణం తెలిసిపోయిందన్న ధీమా ఆ గొంతులో ఉంటుంది. ఆ మాట దగ్గర ఆగిపోకూడదని చెప్పడానికే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు కొన్ని లెక్కలు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ ఒక జాతీయ సర్వే ఫలితాలు వెలువరించింది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని వ్యసన చికిత్సా కేంద్రం చేసిన సర్వే అది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువాళ్లలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. గంజాయి, భంగు, చరస్ వాడేవాళ్లు 3.1 కోట్లు. నల్లమందు, హెరాయిన్, ఆ జాతి నొప్పి మాత్రలు వాడేవాళ్లు 2 కోట్లకు పైనే. జిగురు, వైట్‌నర్ లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువని కూడా ఆ సర్వేలోనే తేలింది. మిగతా మత్తులన్నిటిలో పెద్దవాళ్లే ముందున్నారు.

మాదకద్రవ్యాలు అనగానే మనకు కొకైన్ పొడి, ఎల్‌ఎస్‌డీ బిళ్ల గుర్తొస్తాయి. 2017లో హైదరాబాదులో ఎక్సైజు శాఖ దర్యాప్తు మొదలుపెట్టినప్పుడు బడి పిల్లల దాకా వెళ్లిన సరుకు ఎల్‌ఎస్‌డీ లాంటిదే కాబట్టి ఆ జ్ఞాపకం బలంగా ఉండిపోయింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మాత్రం ముందు వరసలో ఉండేది వైన్‌షాపు సీసా. తర్వాత గంజాయి, ఆ తర్వాత మందుల షాపులో దొరికే మాత్రలు, దగ్గు మందులు. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. వయసు రుజువు అడిగి ఒక కుర్రాణ్ణి వెనక్కి పంపిన కౌంటరు గురించి ఇంతవరకు ఏ విద్యార్థీ నాకు చెప్పలేదు.

గంజాయి మన పక్క కొండల్లోనే పండుతోంది. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, జీకే వీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో ఏళ్ల తరబడి సాగయింది. అక్కడి శీలావతి రకానికి ఇతర రాష్ట్రాల్లోనూ గిరాకీ. 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. మంచి పనే. అయినా ఘాట్ రోడ్ల మీదుగా సరుకు దిగడం ఆగలేదు. కొండ మీద పండించిన గిరిజన రైతుకు దక్కేది కొద్ది. చేతులు మారేకొద్దీ ధర పెరిగి, చివరి చేతికి వచ్చేసరికి అది గ్రాముల్లో అమ్ముడుపోయే పొట్లం అవుతుంది. ఆ చివరి చెయ్యి చాలాసార్లు విద్యార్థిదే. నాలుగు పొట్లాలు అమ్మిపెడితే ఐదోది తనకు మిగులుతుంది. చేతిఖర్చుకు ఇంట్లో అడగక్కర్లేదు. డబ్బు ఫోన్లోనే పడుతుంది. పత్రికలు అతన్ని పెడ్లర్ అని రాస్తాయి. గదిలో మాత్రం అతన్ని 'మామా' అనే పిలుస్తారు.

ఇక్కడ చట్టం సంగతి విద్యార్థులు తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి కిలో లోపు ఉంటే చిన్న మొత్తం, ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా శిక్ష, బెయిలు రావడం కూడా గగనం. "ఈ బ్యాగు ఫలానా స్టేషన్‌లో ఫలానావాడికి అందించు, రానూపోనూ ఖర్చులు మావే" అంటే నమ్మి రైలెక్కిన పిల్లలున్నారు. బ్యాగులో ఏముందో తెలియదన్న మాటను రుజువు చేసుకోవడానికి వాళ్లకు ఏళ్లు పడుతుంది. ఈలోగా చదువు పోతుంది.

కాబట్టి సరఫరా ఆగాలి. అందులో రెండో మాట లేదు. కానీ సరఫరా ఒక్కటే కారణమైతే, ఒకే హాస్టల్లో, ఒకే గదిలో, ఒకే పొట్లం చుట్టూ కూర్చున్న ఆరుగురిలో ఐదుగురు పరీక్షలు రాసి ఉద్యోగాలకు వెళ్లిపోయి, ఒక్కడు మాత్రం నా దగ్గరికి ఎందుకు వస్తున్నాడు? గంజాయి రుచి చూసినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు దానికి బానిసవుతారని పరిశోధకుల అంచనా. ఇరవై ఏళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లలోనైతే ఆరుగురిలో ఒకరు. ఈ ఒక్కరు తక్కువేం కాదు. అయితే మొదటిసారి ముట్టుకోవడానికి ఉన్న కారణం, రోజూ ముట్టుకోవడానికి ఉన్న కారణం ఒకటి కాదని ఈ లెక్క చెబుతోంది. మన ప్రచారం, పోస్టర్లు, ర్యాలీలు, జూన్ 26న చేయించే ప్రతిజ్ఞలు అన్నీ మొదటి కారణం చుట్టూనే తిరుగుతున్నాయి. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మొదటి కారణం గురించి ఎక్కువసేపు చెప్పను. మీ అందరికీ తెలిసిందే. పుట్టినరోజు పార్టీ, సెమిస్టరు పరీక్షలు అయిపోయిన రాత్రి, గోవా ట్రిప్పు, ర్యాగింగ్. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కొట్టడం, తిట్టడం చాలావరకు తగ్గాయి. కానీ సీనియరు నవ్వుతూ గ్లాసు అందిస్తే కాదనలేని మొహమాటం మీద ఏ చట్టమూ పనిచేయదు. ఇదంతా కొత్తగా వచ్చిందనీ అనుకోవద్దు. గురజాడ 'కన్యాశుల్కం'లో చదువు చెబుతానని చేరిన గిరీశం వెంకటేశానికి నేర్పిన మొదటి విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. ఆ నాటకం తొలిసారి ఆడింది 1892లో. అలవాటు నేర్పేవాడు ముక్కూమొహం తెలియనివాడు కాదు, మనం గొప్పగా చూసేవాడు, మనవాడు అనుకునేవాడు అని గురజాడ అప్పుడే చూపించాడు. సినిమాల మీద మనం మోపుతున్న నేరం నా దృష్టిలో కాస్త ఎక్కువే. సినిమా సిగరెట్టు పట్టుకునే తీరు నేర్పుతుంది. రాత్రి రెండింటికి ఒంటరిగా కూర్చుని కాల్చాల్సిన అవసరాన్ని పుట్టించేది సినిమా కాదు.

ఆ అవసరం ఎక్కడ పుడుతుందో చెప్పడానికి ఒక అబ్బాయి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మెట్ట ప్రాంతపు రైతు కొడుకు. పదో తరగతి దాకా ఊళ్లోనే, తెలుగు మీడియం. పదిలో మండలంలోకెల్లా మంచి మార్కులు. ఇంటర్మీడియట్‌కు నగరంలో రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పొద్దున ఐదింటికి లేపుతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. ఆదివారం పరీక్ష, ఆ మార్కుల్ని బట్టి సెక్షను మారుతుంది. పై సెక్షను నుంచి కింది సెక్షనుకు దిగినవాడు అందరూ చూస్తుండగా పుస్తకాలు, ట్రంకుపెట్టె మోసుకుని వేరే గదికి వెళ్లాలి. ఇంటికి ఫోను వారానికోసారి, వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతుండగా రెండు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో "బాగున్నాను నాన్నా, తిన్నాను" అనడం తప్ప ఇంకేం చెప్పగలడు? రెండేళ్లలో ఆ అబ్బాయి సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు. ఎప్పుడు నిద్రపోవాలో, ఎవరితో కూర్చోవాలో, పాకెట్ మనీ ఎలా ఖర్చుపెట్టుకోవాలో అన్నీ వేరేవాళ్లే చూశారు. కాదు అని చెప్పే అవకాశం రాలేదు కాబట్టి కాదనడం ఎలాగో నేర్చుకోలేదు.

తర్వాత బీటెక్‌లో సీటొచ్చింది. కాలేజీ ఊరి బయట, హాస్టలు ప్రైవేటుది, నలుగురికో గది. ఎప్పుడు లేచావని అడిగే దిక్కు లేదు. చేతిలో ఫోను, నెలకు ఇంటి నుంచి వచ్చే డబ్బు. పిల్లవాడికి మెల్లమెల్లగా ఇవ్వాల్సిన స్వేచ్ఛనంతా మనం ఒక్క వేసవిలో కుమ్మరించేస్తున్నాం. పాఠాలన్నీ ఇంగ్లిషులో. మొదటి సెమిస్టరులో మూడు సబ్జెక్టులు పోయాయి. మ్యాథ్స్, డ్రాయింగ్, సీ ప్రోగ్రామింగ్. అంతకుముందు ఏ పరీక్షలోనూ ఫెయిలవని పిల్లవాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, ఎందుకంటే ఫీజు కోసం నాన్న ఎకరం తాకట్టు పెట్టాడు. క్లాసులో అడగలేదు, ఎందుకంటే ఇంగ్లిషులో అడగాలి. రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. మూడు గంటల దాకా పైకప్పు చూస్తూ పడుకునేవాడు. పక్క మంచం కుర్రాడు సన్నటి ఓసీబీ కాగితంలో చుట్టిన గంజాయి ఇచ్చి, "ఒక దమ్ము లాగు మామా, పడుకుంటావు" అన్నాడు.

ఈ అబ్బాయిని తల్లిదండ్రులు నా దగ్గరికి తెచ్చేసరికి ఏడాదిన్నర అయింది. తండ్రి అడిగింది ఒక్కటే: "ఎవడు నేర్పాడో పేరు చెప్పమనండి డాక్టరుగారూ." నేను పిల్లవాణ్ణి వేరే ప్రశ్న అడిగాను. మొదటిసారి తీసుకున్న రోజున ఏమనిపించిందని. చాలాసేపు నేల చూపులు చూసి, "ఆ రాత్రి నిద్రపట్టింది సార్" అన్నాడు. తల్లి ఒక్కసారి తలెత్తి కొడుకు వైపు చూసింది. అతనికి నిద్ర పట్టడం లేదన్న సంగతి ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. వార్డెనుకు తెలియదు, లెక్చరర్లకు తెలియదు. తెలిసినవాడు పక్క మంచం కుర్రాడొక్కడే. తనకు తెలిసిన మందు అతను ఇచ్చాడు.

ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే అమెరికన్ వైద్యుడు 1985లో ఒక సిద్ధాంతం రాశాడు. బానిసలైనవాళ్లలో చాలామంది సుఖం కోసం కాదు, భరించలేని ఒక బాధకు సొంత వైద్యంగా మత్తు వాడతారని. ఆ సిద్ధాంతం అన్ని సందర్భాలకూ సరిపోదు. కానీ మన కాలేజీ పిల్లల విషయంలో అది నాకు దాదాపు రోజూ కనిపిస్తోంది. నిద్ర పట్టకపోవడం, నలుగురిలో మాట్లాడాలంటే గుండెదడ, ఎవరూ గుర్తించని డిప్రెషన్, చిన్నప్పటి నుంచి ఉన్న ఏకాగ్రత లోపం, ప్రేమలో దెబ్బ, ఇంట్లో గొడవలు. వీటిలో ఒకటి ముందు ఉంటుంది, మత్తు వెనక వస్తుంది. వెనక వచ్చినది ముందున్నదాన్ని మరింత పెంచుతుంది. గంజాయి మానిన మొదటి వారం రెండు వారాలు నిద్ర అసలే పట్టదు, చిరాకు, ఆకలి ఉండదు, పీడకలలు. నిద్ర కోసం మొదలుపెట్టినవాడు ఆ నిద్ర కోసమే మానలేకపోతాడు. మనం బయటి నుంచి చూసి 'కొవ్వెక్కింది' అంటాం.

పరిస్థితికి ఎంత బలం ఉందో తెలియాలంటే వియత్నాం యుద్ధం నాటి సంగతి ఒకటి వినండి. అక్కడున్న అమెరికన్ సైనికుల్లో సుమారు ఐదో వంతు హెరాయిన్‌కు బానిసలయ్యారు. వాళ్లంతా తిరిగొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో వాళ్లను ఇళ్లకు చేరాక పరిశీలించింది. అలా బానిసలైనవాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి దిగజారినవాళ్లు దాదాపు 5 శాతమే. మందు అదే, మనిషి అదే. మారింది చుట్టూ ఉన్న బతుకు. అందుకే నా దగ్గర చికిత్స తీసుకుని కోలుకున్న పిల్లవాణ్ణి అదే హాస్టల్లో, అదే గదిలో, అవే మూడు బ్యాక్‌లాగులతో తిరిగి దింపి వెళ్తుంటే నాకు దిగులేస్తుంది.

తేలిగ్గా తీసుకోమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మెదడులో నిర్ణయాలు తీసుకునే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోగా రోజూ పడే మత్తు ఆ ఎదుగుదలలో వేలు పెడుతుంది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేల మందికి పైగా యువకులను ఏళ్ల తరబడి గమనించి 1987లో ఒక అధ్యయనం ప్రచురించారు. పద్దెనిమిదేళ్లకే గంజాయి ఎక్కువగా వాడిన వాళ్లకు తర్వాతి కాలంలో స్కిజోఫ్రెనియా వచ్చే అవకాశం, వాడనివాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువని తేలింది. గంజాయి ఆకే కదా, మొక్కే కదా అనేవాళ్లు నా వార్డుకు ఒకసారి రావాలి. ఫ్యాను చప్పుడులో తన పేరు వినపడుతోందని చెవులు మూసుకుని మూలన కూర్చున్న కుర్రాణ్ణి చూడాలి. గాలి సోకిందని కట్టించిన తాయెత్తులు ఆ చేతికి రెండో మూడో ఉంటాయి. వైద్యం దాకా రావడానికి ముందు ఎన్ని నెలలు పోయాయో అవి చెబుతాయి.

ఇంటి సంగతికి వస్తాను. మద్యానికి బానిసయ్యే స్వభావంలో సుమారు సగం వంశపారంపర్యమని పరిశోధనలు చెబుతున్నాయి. మిగతా సగంలోనూ ఇంటికి వాటా ఉంది. ఒక అబ్బాయి నాతో అన్నాడు: "మా నాన్న రోజూ తాగుతాడు సార్. ఆయన్ని ఎవరూ ఆసుపత్రికి తీసుకురాలేదు." కొడుకును తీసుకొచ్చిన ఆ తండ్రి తలుపు అవతల కూర్చుని ఉన్నాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మద్యం, కల్లు ఆగిపోగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు బారులు తీరారు. చేతులు వణుకుతూ, ఫిట్స్ వస్తూ, సంబంధం లేకుండా మాట్లాడుతూ వచ్చిన వాళ్లంతా ఇళ్లున్నవాళ్లే, పిల్లలున్నవాళ్లే. ఆ ఇళ్లలో పెరిగే పిల్లవాడికి మత్తు ఒక విడ్డూరం ఎలా అవుతుంది?

మన తెలుగు నేల మీదే దీనికి ఎదురు నిలిచిన చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత పాఠాలు చదువుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. నిషేధం నిలవలేదని చెప్పుకుంటాం గానీ, ఆ ఉద్యమంలో నేను గొప్పగా చూసేది వేరు. ఇంట్లో నోరు మూసుకుని పడ్డ బాధను ఆ ఆడవాళ్లు రాత్రి బడిలో పదిమంది ముందు మాట్లాడారు. వాళ్లు కన్నీళ్లతో మాట్లాడుకున్న తర్వాతే దుకాణం మూతపడింది. ఈరోజు చదువుకున్న మన ఇళ్లలో, మన కాలేజీల్లో ఆ మాట్లాడటమే లేదు.

కాలేజీల తీరు చూడండి. హాస్టలు గదిలో పొట్లం దొరికితే తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు, సస్పెండ్ చేస్తారు, పేరు బయటికి రాకుండా టీసీ చేతిలో పెడతారు. కాలేజీ పరువు నిలబడుతుంది. ఆ పిల్లవాడు ఇంకో కాలేజీలో చేరతాడు, అలవాటు వెంట వెళ్తుంది. మిగిలిన పిల్లలు దీనిలోంచి నేర్చుకునేది ఒక్కటే, దొరక్కుండా ఉండాలని. గది తలుపు కింద తడి తువ్వాలు, కిటికీలో అగరొత్తులు, కళ్లకు చుక్కల మందు, పిలిస్తే పలకని ఫోను. దాచడానికి పెట్టే తెలివంతా పెరుగుతుంది. కొన్నిచోట్ల మూత్ర పరీక్షలు పెడుతున్నారు. పరీక్షలో దొరికిన పిల్లవాణ్ణి ఆ సాయంత్రమే కౌన్సెలర్ దగ్గరికి పంపే ఏర్పాటు ఉంటే నాకు అభ్యంతరం లేదు. అది లేకుండా పరీక్ష ఒక్కటే పెడితే, పిల్లలు గంజాయి వదిలి పరీక్షకు అందని మాత్రల వైపు వెళ్తారు. నొప్పికి వాడే ట్రమడాల్‌ను 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. అయినా చీటీ లేకుండా మాత్రలు అమ్మే షాపులు నిన్నటిదాకా ఉన్నాయి, ఈరోజూ ఉన్నాయి.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. సర్వేల్లో వాళ్ల శాతం తక్కువ. కానీ పెళ్లి కాదేమోనన్న భయంతో ఇంట్లోవాళ్లు ఆసుపత్రి గుమ్మం ఎక్కనివ్వరు. వచ్చేసరికి పరిస్థితి ముదిరి ఉంటుంది. అబ్బాయికి ఒక తాళం వేసిన సమాజం అమ్మాయికి రెండు వేసింది.

ఆ 2019 సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు. మాదకద్రవ్యాల విషయంలో 20 మందికి ఒక్కరు. వ్యాధి ఉన్నవాళ్లలో ఇంత తక్కువమందికి వైద్యం అందే రోగం మన దేశంలో ఇంకేముందో నాకు తోచడం లేదు.

ఇక మాస్టారి సంగతి. ఆయన హాజరు వేసేటప్పుడు నంబర్లు కాదు, పేర్లు పిలిచేవారు. వరసగా కొన్నాళ్లు పలకని పేరుంటే సాయంత్రం ఆ గది ముందు ఆయన సైకిలు ఆగేది. జ్వరమా, ఫీజు కట్టలేదా, ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగేవారు. ఇప్పుడు మన ఇంజినీరింగు కాలేజీల్లో హాజరు 75 శాతం కంటే తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టాలి, 65 కంటే తగ్గితే డిటెన్షన్. నేను చూసిన పిల్లల్లో దాదాపు అందరికీ, ఇంట్లో తెలియడానికి నెలల ముందే హాజరు పడిపోయింది. ముందు మొదటి గంట క్లాసులు, తర్వాత పొద్దుటి పూటంతా, తర్వాత ల్యాబులు. మార్కుల కంటే ముందు, రక్త పరీక్షల కంటే ముందు ఈ రోగాన్ని పట్టిచ్చేది హాజరు పట్టీ. అది ప్రతి కాలేజీలో, ప్రతి సెక్షనులో, కంప్యూటరులో సిద్ధంగా ఉంది. దాన్ని చూసి మనం ఫీజు వసూలు చేస్తున్నాం. అదే పట్టీ చూసి ఒక మనిషి ఆ గదికి వెళ్లి "ఏం నాయనా, నిద్ర పడుతోందా?" అని అడిగితే సగం కేసులు నా దాకా రావని నా నమ్మకం.

సాయంత్రాల గురించి కూడా ఆలోచించాలి. ఎన్ని కాలేజీలకు ఆడుకునే స్థలం ఉంది? నాలుగున్నరకు బస్సులు వెళ్లిపోయాక హాస్టలు పిల్లలకు మిగిలేది ఫోను, టీ కొట్టు, గది. ఐస్‌లాండ్‌లో 1998 ప్రాంతంలో 15, 16 ఏళ్ల పిల్లల్లో నెలలో ఒక్కసారైనా ఒళ్లు తెలియకుండా తాగినవాళ్లు 42 శాతం ఉండేవారు. ప్రభుత్వం ఏటా పిల్లలనే అడిగి సర్వేలు చేసింది, ఆటలకు, సంగీతానికి సాయంత్రాల్లో ప్రజల డబ్బు ఖర్చుపెట్టింది, తల్లిదండ్రుల్ని కూడగట్టింది. 2016కు ఆ 42 శాతం 5 శాతానికి దిగింది. చిన్న దేశం, చలి దేశం, మనకు సరిపోదని కొట్టిపారేయొచ్చు. కానీ ఒక వాలీబాల్ కోర్టుకు, వారానికి రెండు సాయంత్రాలు వచ్చే డ్రిల్లు మాస్టారికి పెద్ద దేశం చిన్న దేశం తేడా ఏముంది?

ఈ సభలో ప్రిన్సిపాళ్లు, యాజమాన్యాల వారు ఉన్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నాను. మీ కాలేజీలో ఒక నియమం రాతపూర్వకంగా పెట్టండి: తనంతట తానుగా వచ్చి సాయం అడిగిన విద్యార్థిని సస్పెండ్ చేయబోమని, చికిత్స రోజులను మెడికల్ లీవుగా లెక్కిస్తామని. చట్టం మీకంటే ముందే ఈ దారి తెరిచింది. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అనే సెక్షను ఉంది. తాను వాడటం కోసం చిన్న మొత్తంతో పట్టుబడ్డ బానిస, తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరి దాన్ని పూర్తిచేస్తే, అతని మీద ఆ నేరానికి విచారణ ఉండదు. ఈ సెక్షను గురించి తెలిసిన విద్యార్థి నాకింతవరకు తారసపడలేదు. జైలు శిక్షలు రాసిన బోర్డు మీదే ఇది కూడా రాయించండి. దాని కింద 14446 అని వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ నంబరు, 14416 అని టెలి-మానస్ నంబరు వేయించండి. రెండూ ఉచితం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు నిద్ర గురించి అడగండి. ఫెయిలయ్యానని చెప్పినా ఇంటికి రావచ్చని పిల్లవాడికి ముందే తెలిసి ఉండాలి. తెలియాలంటే మీరు నోరు విప్పి చెప్పాలి.

విద్యార్థులారా, మీలో ఎవరి గదిలోనైనా స్నేహితుడు తాగి పడిపోయి లేపినా లేవకపోతే వెల్లకిలా ఉంచకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఒంటరిగా వదలకండి. 108కి ఫోన్ చేయండి. వార్డెనుకు తెలుస్తుందని, కేసవుతుందని ఆగకండి. ఆ ఆగడంలోనే ప్రాణాలు పోతున్నాయి. మానాలనుకుంటున్నవాళ్లు విశాఖలో చినవాల్తేరు, హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలకు గానీ, మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి గానీ వెళ్లండి. ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. అమ్మానాన్నలతో రాలేకపోతే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని రండి.